హరి సెల్డన్: జోస్యం చెప్పినవాడా, దారులు మూసినవాడా?

ఐజాక్ అసిమోవ్ ఫౌండేషన్ కథల్లో మొదటిది 1942 మే నెలలో ఒక అమెరికన్ పత్రికలో అచ్చయింది. గెలాక్సీ సామ్రాజ్యం కూలబోతోందని లెక్కగట్టి, ఆ తర్వాతి చీకటి యుగాన్ని కుదించడానికి టెర్మినస్ అనే గ్రహం మీద ఫౌండేషన్ అనే పండితుల స్థావరం పెట్టించిన గణితజ్ఞుడు హరి సెల్డన్. ఆ ఏర్పాటే అతని ప్రణాళిక. ఆ మొదటి కథలో అతను చేసే ముఖ్యమైన పని ఒక్కటే. తను పోయిన యాభై ఏళ్లకు చక్రాల కుర్చీలో బొమ్మగా ప్రత్యక్షమై, ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన నాలుగు మాటలు చెప్పి మాయమవుతాడు. బతికున్న సెల్డన్‌ని తీరిగ్గా చూడాలంటే పాఠకులు 1951 దాకా ఆగాల్సి వచ్చింది. కథల్ని పుస్తకంగా వేసేటప్పుడు అసిమోవ్ మొదట్లో ఒక కొత్త భాగం చేర్చి, ముసలి సెల్డన్‌ని విచారణలో నిలబెట్టాడు. యువకుడైన సెల్డన్ 1988లో గానీ రాలేదు. నడివయసూ చావూ 1993 నవలలో ఉన్నాయి. అది బయటికొచ్చేనాటికి రచయితే లేడు, 1992 ఏప్రిల్‌లో పోయాడు.

అంటే ఈ జీవితం తలకిందులుగా మన చేతికందింది. ముందు ఫలితం, చాలా ఏళ్ల తర్వాత దాని వెనకున్న మనిషి. ఈ వరస వల్లే సెల్డన్ అనగానే రాబోయే వెయ్యేళ్లనీ లెక్కగట్టి చెప్పిన జోస్యుడనే బొమ్మ పాఠకుల్లో పాతుకుపోయింది. అసిమోవ్ రాసిన ఏడు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఆ బొమ్మ నిలబడదని నా వాదన. సెల్డన్ లెక్క సొంతంగా భవిష్యత్తును చెప్పింది చాలా తక్కువ. అతని గొప్పతనమంతా మనుషుల ముందున్న దారుల్ని ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చి, ఒక్కదాన్ని మాత్రం తెరిచి ఉంచడంలో ఉంది. కథ గుట్టంతా కింద విప్పేస్తున్నాను కాబట్టి, ఇంకా చదవని వాళ్లు సూటిగా ఆఖరికి వెళ్లి, ఏ పుస్తకం తర్వాత ఏది చదవాలో చూసుకుంటే మంచిది.

ముందు జీవితం. కథలోని ఎన్‌సైక్లోపీడియా గెలాక్టికా ప్రకారం సెల్డన్ గెలాక్సీ శకం 11,988లో హెలికాన్ అనే గ్రహం మీద మధ్యతరగతి ఇంట్లో పుట్టాడు. మట్టి అక్కర్లేని నీటి తోటల్లో తండ్రి పొగాకు పెంచేవాడని ఒక ఐతిహ్యం. అది నిజమో కాదో అని ఆ విజ్ఞాన సర్వస్వమే నసుగుతుంది. పోయింది 12,069లో, 81వ ఏట. ఆ సంవత్సరాన్నే ఫౌండేషన్ శకం 1గా లెక్కపెడతారు.

32వ ఏట, 12,020లో, పదేళ్లకొకసారి జరిగే గణితజ్ఞుల సభ కోసం ట్రాంటర్ వస్తాడు. ట్రాంటర్ సామ్రాజ్య రాజధాని. గ్రహమంతా గుమ్మటాల కింద ఒకే నగరం, 4,000 కోట్ల జనం. అక్కడ సెల్డన్ చదివిన పత్రం గురించి అభిమానులు కూడా తప్పుగా చెబుతుంటారు. భవిష్యత్తు చెప్పే పద్ధతి కనిపెట్టానని అందులో ఎక్కడా లేదు. సమాజంలోని గందరగోళాన్ని అణిచిపెట్టి, జరగబోయేవాటిని సంభావ్యతల్లో లెక్కగట్టడం సిద్ధాంతరీత్యా అసాధ్యం కాదని మాత్రం నిరూపించాడు. ఆచరణలో కుదరదనే అతని నమ్మకం. చక్రవర్తి మొదటి క్లియాన్ పిలిపించి అడిగితే అదే చెప్పాడు. చక్రవర్తికి అదేమీ పట్టలేదు. లెక్క నిజం కానక్కర్లేదు, పేరున్న గణితజ్ఞుడు మంచి రోజులొస్తాయంటే జనం నమ్ముతారు, నమ్మితే ఆ రోజులే వస్తాయి, తనకది చాలు అన్నది ఆయన ధోరణి. ఒక రకంగా సైకోహిస్టరీలోని, అంటే జనసమూహాల భవిష్యత్తును లెక్కగట్టే ఈ శాస్త్రంలోని, అసలు బలహీనతను సెల్డన్ కన్నా ముందు పట్టుకున్నది ఈ చక్రవర్తే.

అక్కణ్నుంచి 1988 నవలంతా పరుగే. చెటర్ హమిన్ అనే పాత్రికేయుడు దారి చూపిస్తుంటే, డోర్స్ వెనబిలి అనే చరిత్రకారిణి తోడుగా సెల్డన్ స్ట్రీలింగ్ విశ్వవిద్యాలయం నుంచి మైకోజెన్‌కి, అక్కణ్నుంచి డాల్‌కి, చివరికి వై అనే విభాగానికి పారిపోతూ ఉంటాడు. చాలామంది విమర్శకులకు ఈ పరుగు విసుగు పుట్టించింది, నిజంగానే కొన్ని అధ్యాయాలు సాగదీసినట్టుంటాయి. కానీ శాస్త్రవేత్త పని ఎలా ఉంటుందో ఈ మొత్తం కథల్లో కనబడే చోటు ఇదే. పారిపోతున్నంతసేపూ సెల్డన్ సమస్య ఒకటే: గెలాక్సీలో మనుషులున్న లోకాలు రెండున్నర కోట్లు. వాటిని సమీకరణాల్లో పెట్టాలంటే ఎన్ని చలరాశులు కావాలి, ఎవరు సేకరిస్తారు, సేకరించేలోపు అవి మారిపోవా? అందుకని సరళమైన నమూనా ఒకటి కావాలి. మనుషులందరూ ఒకే గ్రహం మీద ఉన్న తొలి రోజుల చరిత్ర దొరికితే సరిపోతుందని మైకోజెన్, డాల్ ఐతిహ్యాల్లో వెతుకుతాడు. అక్కడ దొరికేవి పుక్కిటి పురాణాలే. చివరికి తట్టేదేమిటంటే, ట్రాంటరే ఆ నమూనా. దానిలో 800 విభాగాలు. ఒక్కోదానికి ఒక్కో ఆచారం, ఒక్కో తిండి, ఒక్కో మతం, ఒక్కో పగ. ఇన్నాళ్లూ తను వాటి గుండానే పరిగెత్తాడు. రెండున్నర కోట్ల లోకాల లెక్క 800 విభాగాలకు దిగింది. సుమారు 31,000 రెట్లు చిన్నదైంది. మోడలింగ్ చేసే ఎవరినడిగినా చెబుతారు, సమస్యను పరిష్కరించడం కన్నా దాన్ని పరిష్కరించగలిగే సైజుకి కుదించడమే కష్టమని.

ఆ చివరి పేజీల్లోనే ఇంకో గుట్టు రట్టవుతుంది. దారి చూపించిన హమినూ, వేటాడుతున్నట్టు కనబడిన ప్రధానమంత్రి డెమర్జెలూ ఒక్కరే. అతను మనిషి కూడా కాదు, వేల ఏళ్లుగా మానవజాతిని కనిపెట్టుకుని ఉంటున్న డేనీల్ అనే రోబో. సెల్డన్ దార్శనికత మొదటి రోజు నుంచీ ఒకరి కాపలాలో పెరిగిందన్నమాట. దీన్ని పక్కన పెట్టుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

1993 నవలలో సెల్డన్ ప్రధానమంత్రి అవుతాడు. పదేళ్లు చేస్తాడు. ఆ పదవి ముగిసే తీరు మొత్తం కథల్లోకెల్లా పదునైన ఘటన. చక్రవర్తి తోటమాలి మాండెల్ గ్రూబర్ సెల్డన్‌ని ఒక ప్రమాదం నుంచి కాపాడతాడు. మెచ్చిన చక్రవర్తి అతన్ని ప్రధాన తోటమాలిని చేస్తాడు. ఆరుబయట మొక్కల మధ్య తిరగడమే ప్రాణమైన మనిషికి అది కాగితాల ఉద్యోగం, నాలుగు గోడల జైలు. అది తప్పించుకోడానికి వేరే దారి కనబడక చక్రవర్తిని కాల్చేస్తాడు. ఒంటరి మనిషి లెక్కలోకి రాడని చెప్పే శాస్త్రవేత్త కళ్లముందే, ఒక పదోన్నతి భయం సామ్రాజ్యాధిపతిని చంపేసింది. సెల్డన్ అభిమానులు దీన్ని దాటేస్తారు, చక్రవర్తి ఎవరైనా పతనం పతనమేగా అని. ఆ మాట ఒప్పుకోవచ్చు. అయితే పతనం ఏ ఏడు, ఎవరి చేతుల మీదుగా అన్నది అప్పుడు లెక్క చెప్పదని కూడా ఒప్పుకోవాలి. ఫౌండేషన్ మొదలైన సరిగ్గా 50వ ఏట, 80వ ఏట తెరుచుకుని తన బొమ్మను చూపించే గదిని మాత్రం ఏ నమ్మకంతో కట్టినట్టు?

ఇక్కడ కాస్త లెక్క చేద్దాం. ఈ ఆలోచన పుట్టినప్పుడు అసిమోవ్ వయసు 21, చదువుతున్నది రసాయన శాస్త్రం. వాయువుల అణుచలన సిద్ధాంతమే సైకోహిస్టరీకి మూలం. ఒక్క అణువు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు, కోటానుకోట్ల అణువుల పీడనం ఎంతో ఖచ్చితంగా చెప్పగలరు. మనుషులకూ అదే వర్తిస్తుందని, రెండు షరతులు పెట్టాడు. జనాభా చాలా పెద్దదై ఉండాలి. తమ గురించి ఏం లెక్క తేలిందో ఆ జనానికి తెలియకూడదు.

మొదటి షరతు చూడండి. గెలాక్సీ జనాభా ఒకటి పక్కన 18 సున్నాలని కథ చెబుతుంది. వినడానికి పెద్దదే. ఒక ఘన సెంటీమీటరు మామూలు గాలిలో అణువులు దీనికి సుమారు 25 రెట్లుంటాయి. సామ్రాజ్యం మొత్తం జనం మిరియపు గింజంత గాలికి సమానం. అయినా ఫరవాలేదు. N మంది ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా నడుచుకుంటే సగటులో ఊగిసలాట N వర్గమూలంతో భాగించినట్టు తగ్గుతుంది. గెలాక్సీకి అది వంద కోట్లలో ఒక వంతు. ట్రాంటర్ 4,000 కోట్లకు రెండు లక్షల్లో ఒక వంతు. టెర్మినస్‌కి పంపిన సుమారు లక్ష మందికి కూడా 0.3 శాతమే. ఈ లెక్కన సెల్డన్ నిశ్చింతగా నిద్రపోవచ్చు.

చిక్కంతా “ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా” అన్న చోటుంది. అణువులు పేపరు చదవవు, పుకార్లు వినవు, ఒకే నాయకుణ్ని ప్రేమించవు. మనుషుల మధ్య, ఏ ఇద్దర్ని తీసుకున్నా, సగటున 0.01 సహసంబంధం (ఒకరి నడవడి ఇంకొకరితో కలిసి మారే కొలత) ఉందనుకుందాం. చాలా చిన్న సంఖ్య, దాదాపు ఏమీ లేనట్టే. కానీ అప్పుడు జనాభా ఎంత పెరిగినా ఊగిసలాట ఒక హద్దు దాటి తగ్గదు. లక్ష మందైనా, ఒకటి పక్కన 18 సున్నాల మందైనా, లెక్కకు పనికొచ్చేది 100 మంది స్వతంత్రులున్నంత సమాచారమే. ఊగిసలాట 10 శాతం దగ్గర ఆగిపోతుంది. సహసంబంధం 0.0001కి తగ్గితే పదివేల మంది, ఒక శాతం. ఎన్నికల సర్వేలు అన్నీ ఒకే వైపు తప్పడం వెనక కూడా ఇలాంటి ఇబ్బందే ఉంటుంది. ఎంతమందిని అడిగినా, తప్పులు కలిసికట్టుగా నడిస్తే సగటు వాటిని కడిగెయ్యలేదు.

ఇప్పుడు రెండో షరతు మళ్లీ చదవండి. జనానికి జోస్యం తెలియకూడదనడం రహస్యం కోసం పెట్టిన నియమంలా కనబడుతుంది గానీ, గణితంలో దాని పని వేరు. జోస్యం తెలిస్తే అందరూ ఒకే సమాచారానికి ఒకేసారి స్పందిస్తారు. సహసంబంధం పెరుగుతుంది, పెద్ద జనాభా చిన్నదైపోతుంది. రెండు షరతులూ నిజానికి ఒకటే షరతు. టెర్మినస్‌కి పంపిన వాళ్లలో పేరున్న సైకాలజిస్టు ఒక్కడూ ఉండకుండా సెల్డన్ ఏరివేసింది కూడా ఇందుకే. మేయర్ సాల్వర్ హార్డిన్ యాభై ఏళ్ల తర్వాత ఆ లోటు గమనించి, ఇది పొరపాటు కాదని గ్రహిస్తాడు. బోర్ అలురిన్ అనే ఒక్కడు మాత్రం ఆ శాస్త్రం కాస్త తెలిసినవాడు, హార్డిన్ అతని శిష్యుడే.

మనుషుల్ని అణువుల్లా ఉంచడం కుదరదని సెల్డన్‌కి తెలుసు కాబట్టి వాళ్ల ముందున్న వీలుల్నే తగ్గించాడు. ప్రణాళిక ఎంత గట్టిదో చూడాలంటే ఒక్కో మెట్టులో ఏం తీసేశాడో చూడాలి.

మొదట చోటు. టెర్మినస్ గెలాక్సీ అంచున, తన సూర్యుడి చుట్టూ ఒంటరిగా తిరిగే గ్రహం. లోహాలు దాదాపు లేవు. అంటే దోచుకోడానికి ఎవరూ రారు, సొంతంగా యుద్ధనౌకలు కట్టుకునే వీలూ లేదు. ఉన్నదల్లా చదువు. పైగా పని పేరు విజ్ఞాన సర్వస్వం రాయడం, కాబట్టి వచ్చినవాళ్లు పండితులు, సైనికులు కాదు. ఇక సామ్రాజ్యం అంచుల నుంచి ఊడిపోవడం మొదలవగానే చుట్టూ నాలుగు రాజ్యాలు లేస్తాయి. వాటికి నౌకలున్నాయి, అణుశక్తి నడిపే పరిజ్ఞానం పోయింది. 50వ ఏట వాటిలో ఒకటైన అనాక్రియాన్ మీదికొచ్చినప్పుడు హార్డిన్ ముందు ఏమున్నాయి? పోరాడలేడు, ఆయుధాల్లేవు. సామ్రాజ్యాన్ని పిలవలేడు, అది పంపిన దూత ఇచ్చిన హామీల్లో ఏమీ లేదని తేలిపోయింది. లొంగిపోతే అంతా అయిపోతుంది. మిగిలిందొక్కటే: టెర్మినస్ చదువు అనాక్రియాన్ చేతికి పోతే మీ గతేమిటని తక్కిన మూడు రాజ్యాల్నీ అడగడం. ముగ్గురూ కలిసి అనాక్రియాన్‌ని వెనక్కి పంపిస్తారు. హార్డిన్ తెలివైనవాడే. కానీ ఆ కుర్చీలో ఓ మాదిరి తెలివున్న ఇంకెవడున్నా చివరికి ఆ గుమ్మంలోంచే నడవాలి.

30 ఏళ్ల తర్వాత అదే చదువు మతం వేషం కట్టింది. అణు కేంద్రాలు నడిపేది పూజారులు, వాళ్లకు శిక్షణ టెర్మినస్‌లో. అనాక్రియాన్ రాజప్రతినిధి వీనిస్ దాడి చేయబోతే పూజారులు చేతులు ముడుచుకుంటారు, దీపాలారిపోతాయి, నౌకలాగిపోతాయి. ఆపైన వచ్చిన కొరెల్ గొడవలో మతం పనిచేయదు, పూజారుల్ని రానివ్వని దేశమది. ఫౌండేషన్ వ్యాపారి హోబర్ మాలో వ్యాపారం ఆపేసి కూర్చుంటాడు. ఇళ్లలో, కార్ఖానాల్లో ఫౌండేషన్ యంత్రాలు ఒక్కొక్కటే మొరాయిస్తుంటే యుద్ధం మీద జనానికి మోజు పోతుంది. విడిభాగాలు ఒకరి చేతిలో ఉన్న ఏ వ్యవస్థకైనా ఇదే గతి.

బెల్ రియోస్ కథ వీటన్నిటికన్నా గట్టిది, ఎందుకంటే అక్కడ ఫౌండేషన్ మనుషులు చేసినవేవీ పనిచేయవు. సామ్రాజ్యపు చివరి గొప్ప సేనాని దండెత్తి వస్తాడు, గెలుస్తూ ఉంటాడు, హఠాత్తుగా వెనక్కి పిలిపించి చంపేస్తారు. ఎందుకన్నది డ్యూసెమ్ బార్ అనే ముసలాయన విడమరుస్తాడు. సేనాని బలహీనుడైతే ఫౌండేషన్‌కి ముప్పే లేదు. సేనాని బలవంతుడై చక్రవర్తి బలహీనుడైతే ఆ సేనాని దండయాత్ర వదిలేసి సింహాసనం మీదికే పోతాడు, లాభం అక్కడే ఎక్కువ. ఇద్దరూ బలవంతులైతేనే దాడి జరుగుతుంది, అప్పుడు సేనాని గెలుపు చూసి చక్రవర్తికే అనుమానం పుడుతుంది. నాలుగు గళ్ల పట్టిక. ఏ గడిలో వేలు పెట్టినా టెర్మినస్ బతుకుతుంది. ఇందులో రెండో క్లియాన్ వచ్చే వారం ఏం చేస్తాడన్న జోస్యం లేదు, అలాంటిది అక్కర్లేదు కూడా. నన్నడిగితే మొత్తం కథల్లో సైకోహిస్టరీ నిజంగా శాస్త్రంలా కనబడేది ఇక్కడే, అంకెలు ఒక్కటీ లేకుండా.

అంకెలున్న చోట్ల నాకు నమ్మకం తక్కువ. మొదటి భాగంలో గాల్ డోర్నిక్ అనే యువ గణితజ్ఞుణ్ని కూర్చోబెట్టి సెల్డన్ లెక్క చేయిస్తాడు. చక్రవర్తుల హత్యలు, ప్రతినిధుల తిరుగుబాట్లు, ఆర్థిక మాంద్యాలు, కొత్త గ్రహాల అన్వేషణ తగ్గిపోవడం కలుపుకుంటే కొన్ని శతాబ్దాల్లో ట్రాంటర్ సర్వనాశనమయ్యే సంభావ్యత 92.5 శాతమట. 80వ ఏట గదిలో ప్రత్యక్షమైనప్పుడు, అప్పటిదాకా ప్రణాళిక పెద్దగా దారి తప్పకుండా ఉండే అవకాశం 98.4 శాతమంటాడు. ఒక్కసారే జరిగే చరిత్రకు దశాంశం తర్వాత అంకె దాకా ఈ ఖచ్చితత్వం ఎక్కడిది? వాతావరణం వాళ్లు 70 శాతం వాన అంటే వేల రోజుల రికార్డు పక్కన పెట్టి సరిచూడొచ్చు. సామ్రాజ్యం ఒక్కటే పడింది, సరిచూడడానికి ఇంకోటి లేదు. కథకుడి అలంకారం అనుకుని దాటేయడం మేలు.

ఇక మ్యూల్. ఫౌండేషన్ మొదలైన మూడు వందల ఏళ్లకు గది తెరుచుకుంటుంది. స్వతంత్ర వ్యాపారులతో అంతర్యుద్ధం గురించి సెల్డన్ బొమ్మ మాట్లాడుతూ ఉంటుంది, బయట మ్యూల్ నౌకలు దిగుతుంటాయి. ఎవరూ ఊహించని ఒక్క ఉత్పరివర్తన జీవి శాస్త్రాన్ని ఓడించాడని దీన్ని అందరూ వివరిస్తారు. నాకది సగమే అనిపిస్తుంది. మ్యూల్ శక్తి కండబలమూ కాదు, తెలివీ కాదు. మనుషుల భావాల్ని పట్టుకుని తన వైపు తిప్పుకుంటాడు, తిప్పినవి అలాగే ఉండిపోతాయి. పైన చేసిన లెక్కలో పెట్టి చూడండి: అతని చేతిలో పడ్డ జనంలో సహసంబంధం 0.01 కాదు, ఒకటికి దగ్గర. గ్రహమంతా ఒక్క మనిషిలా ఆలోచిస్తే N విలువ ఒకటే. పెద్ద సంఖ్యల సూత్రం కాళ్ల కింద నేల అలా జారిపోయింది. ఒంటరి మనిషి చరిత్రను మార్చడం సెల్డన్ కొంతవరకు తట్టుకోగలడు, తోటమాలి దెబ్బను తట్టుకున్నాడు. కోట్లమందిని ఒక్కరుగా మార్చేసే మనిషిని తట్టుకోలేడు. అలాంటి వాళ్లకు మన చరిత్రలో ఉత్పరివర్తనల అవసరం రాలేదు, రేడియో చాలింది.

దీనికి సెల్డన్ దగ్గర మందు ముందే ఉందని తర్వాతి పుస్తకం చెబుతుంది: రెండో ఫౌండేషన్. సైకాలజిస్టులంతా అక్కడ ఉన్నారు, మనసుల్ని తాకే శక్తి కూడా ఉంది. ప్రణాళిక దారి తప్పిన ప్రతిసారీ చెయ్యిపెట్టి సరిచేస్తారు. గెలాక్సీ రెండో చివర ఉందన్న ఆ చోటు చివరికి ట్రాంటరేనని తేలుతుంది. కథగా అద్భుతం. శాస్త్రంగా, ఆట నియమాలే మారిపోయాయి. ఒకసారి వదిలాక ఇక ముట్టుకోలేని బాణం వేరు, దారిపొడవునా దిద్దుకుంటూ పోయే క్షిపణి వేరు. రెండోదానికి గొప్ప జోస్యం అక్కర్లేదు. గురి ఎక్కడో తెలిసి, ఎంత పక్కకు పోయామో కొలిచే సాధనం ఉంటే చాలు. ఫౌండేషన్ శకం 498లో గది మళ్లీ తెరుచుకున్నప్పుడు సెల్డన్ చెప్పిందంతా పొల్లుపోకుండా సరిపోతుంది. టెర్మినస్ కౌన్సిల్ సభ్యుడు గోలన్ ట్రెవైజ్‌కి అనుమానం రావడం అక్కడే మొదలవుతుంది. మ్యూల్ అంత కలత పెట్టాక కూడా ఐదు వందల ఏళ్ల పాత లెక్క తు.చ. తప్పకుండా కలిసిందంటే, ఎవరో కలుపుతున్నారన్నమాట. మరీ సరిగ్గా వచ్చిన ఫలితాన్ని అనుమానించమని ప్రయోగశాలల్లో నేర్పేదీ ఇదే.

1993 నవల ఈ విషయంలో మొహమాటపడదు. సెల్డన్‌కి మనవరాలు వాండాలో మనసుల్ని నెట్టగలిగే శక్తి కనబడుతుంది. సమీకరణాలొక్కటే చాలవని, వాటిని కాపు కాసే మనుషులు కావాలని అప్పుడే తేల్చుకుంటాడు. తను కూడా ఒక కాపలాలోనే పెరిగాడని మరిచిపోకండి. రోబో సెల్డన్‌ని కాస్తే, సెల్డన్ వారసులు గెలాక్సీని కాశారు. మధ్యలో ఈ పనికి ఎంత ఖర్చయిందో కూడా ఆ పుస్తకంలోనే ఉంది. డాల్ వేడిబావుల కూలీగా మొదలై సైకోహిస్టరీకి సగం ప్రాణం పోసిన యూగో అమరిల్, భార్య డోర్స్, ఇద్దరి ఆయుష్షునూ ఎలక్ట్రో-క్లారిఫయర్ అనే సాధనమే తింటుంది. అది సమీకరణాలు తేటపరచడానికి ప్రాజెక్టులోనే తయారైన పరికరం. పెంపుడు కొడుకు రేచ్ సంటాని గ్రహం తిరుగుబాటులో పోతాడు. నిధులు ఆగిపోతాయి, గ్రంథాలయంలో గదుల కోసం సెల్డన్ బతిమాలుకుంటాడు, గుమ్మటాల దీపాలు మసకబారతాయి, వీధిలో పోకిరీలు కొడతారు. సామ్రాజ్య పతనం సమీకరణంగా కాకుండా మరమ్మతు జరగని సామానుగా కనబడేది ఈ పేజీల్లోనే. చివరికి స్ట్రీలింగ్‌లోని తన గదిలో, చేతిలో ప్రైమ్ రేడియంట్ వెలుగుతుండగా చనిపోయి కనిపిస్తాడు. సమీకరణాలన్నీ దాచుకున్న ఆ పరికరం గాల్ డోర్నిక్‌కి చేరుతుంది.

నైతికంగా సెల్డన్‌ని వెనకేసుకురావడం నాకు కష్టం. అతని వాదన తెలిసిందే: వదిలేస్తే చీకటి యుగం 30,000 ఏళ్లు, ప్రణాళికతో 1,000. వినగానే నోరు మూతపడే లెక్క. కానీ టెర్మినస్‌కి వెళ్లినవాళ్లకు విజ్ఞాన సర్వస్వం అని అబద్ధం చెప్పాడు, యాభై ఏళ్ల తర్వాత గదిలో కూర్చుని అదంతా మోసమని తనే ఒప్పుకున్నాడు. అప్పటికి ఒక తరం తమ జీవితాల్ని ఆ సంపుటాల మీద ఖర్చుపెట్టేసింది. లింగే చెన్ అనే సామ్రాజ్యపు పెద్ద అధికారి జరిపిన విచారణ కూడా సెల్డన్ కోరుకున్న వేషమే. వెళ్లగొట్టించుకోవడమే అతని ఉద్దేశం, ఆరు నెలల గడువు పెట్టినా సర్దుకోడానికి ముందే సిద్ధం చేసుకున్నాడు. ట్రాంటర్‌లో అడుగుపెట్టిన మర్నాడే అరెస్టయిన గాల్‌కి ఎవరూ ఏదీ చెప్పలేదు. చెబితే లెక్క చెడుతుంది. జనానికి తెలియకూడదన్న షరతు గణితంలో అవసరమే కావచ్చు, అదే షరతు ప్రతి నియంతకూ అక్కరకొస్తుంది.

నిజ ప్రపంచంలో సెల్డన్ వారసులు ఇదే గోడకు గుద్దుకున్నారు. 2008లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న పాల్ క్రూగ్మన్, సైకోహిస్టరీకి దగ్గరగా ఉందనే ఆ శాస్త్రంలోకి వచ్చానని చెప్పుకున్నాడు. అదే శాస్త్రంలో రాబర్ట్ లూకస్ 1976లో చేసిన విమర్శ సెల్డన్ రెండో షరతును తిరగేసినట్టుంటుంది: పాత గణాంకాల మీద కట్టిన నమూనాతో కొత్త విధానం నడపబోతే, జనం ఆ విధానాన్ని పసిగట్టి తమ నడవడి మార్చుకుంటారు, నమూనా చెడుతుంది. పీటర్ టర్చిన్ 2020 ప్రాంతంలో అమెరికాలో అస్థిరత పెరుగుతుందని 2010లోనే రాశాడు. అందులో గమనించాల్సింది, ఏ తేదీన ఎవరు ఏం చేస్తారన్నది లేకపోవడం. ఉన్నది ఒత్తిళ్ల లెక్క: చదువుకున్నవాళ్లకు చాలినన్ని పదవులు లేకపోవడం, జీతాలు ఎదగకపోవడం, ప్రభుత్వ అప్పులు. దారులు మూసుకుపోతున్నాయని చెప్పడం, అంతే.

2021లో మొదలైన టీవీ సిరీస్‌లో సెల్డన్‌గా జారెడ్ హారిస్ బాగా చేశాడు. కానీ అక్కడ సెల్డన్ తొందరగానే హత్యకు గురై, ఎదుటివాళ్లతో మాట్లాడి జవాబులిచ్చే డిజిటల్ ప్రతిగా బతుకుతాడు. అసలు కథలో గదిలో కనబడే బొమ్మ ఎవరి మాటా వినలేదు, ఎదురుగా ఎవరైనా ఉన్నారో లేదో కూడా దానికి తెలియదు. మ్యూల్ ఘట్టంలో భయమంతా అక్కణ్నుంచే పుట్టింది. జవాబిచ్చే సెల్డన్ తప్పు దిద్దుకోగలడు, కాబట్టి తప్పుగా మాట్లాడుతూ పోయే సెల్డన్‌ని ఆ సిరీస్ మనకు చూపించలేదు.

చదివే వరస గురించి. కథాకాలం ప్రకారం 1988 పుస్తకంతో మొదలెట్టకండి. డెమర్జెల్ గుట్టు విప్పినప్పుడు అసిమోవ్ రోబో నవల ఒక్కటైనా చదవని వాళ్లకు ఏమీ అనిపించదు. పైగా కుర్ర సెల్డన్‌తో అంత చనువు ఏర్పడ్డాక గదిలోని బొమ్మ మీద గౌరవమూ భయమూ రెండూ పోతాయి. 1951, 1952, 1953 పుస్తకాలు ముందు. వాటిలో ప్రతి సంక్షోభం దగ్గరా పుస్తకం మూసి, ఆ మేయరుకో వ్యాపారికో ఎన్ని దారులున్నాయో కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటీ ఎందుకు మూసుకుపోయిందో పక్కన రాసుకోండి, ఆ తర్వాతే పేజీ తిప్పండి. మ్యూల్ దగ్గర ఆ కాగితం పనిచేయడం మానేస్తుంది. తర్వాత 1982, 1986. చివర 1988, 1993. ఆఖరిది మొదలెట్టే ముందు, 1951 పుస్తకంలో సెల్డన్ గురించి ఉన్న విజ్ఞాన సర్వస్వపు వ్యాసం మళ్లీ ఒకసారి చదువుకుంటే, అసిమోవ్ 42 ఏళ్ల తేడాతో ఎక్కడెక్కడ అతుకులు వేశాడో కనబడుతుంది.